ఇంత దూరం వచ్చాక

2021 నవంబరు మూడో వారంలో తిరుపతిలో ఉన్నవాళ్ళెవరూ ఆ వానను మరిచిపోరు. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్ళు ఎర్రమట్టి రంగులో విరుచుకుపడ్డాయి. కల్యాణి డ్యామ్ గేట్లు ఎత్తారు, స్వర్ణముఖి పొంగింది. అలిపిరి మెట్ల మీంచి వరద దూకుతున్న వీడియోలు దేశమంతా చూసింది. తిరుమలకు ఎక్కే ఇంకో నడకదారి శ్రీవారి మెట్టులో బండలు దొర్లిపడి మెట్లే కొట్టుకుపోయాయి. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి, రెండు రోజులు కరెంటు లేదు. ఆ చీకట్లోనే అతను ఫోన్ చేశాడు. ఇంట్లో సంబంధం ఖాయం చేశారని, తాను కాదనలేకపోయానని చెప్పాడు. ఆరు నిమిషాలు మాట్లాడుకున్నాం. మాది ఎనిమిదేళ్ళ ప్రేమ.

మా ఇంట్లో ఆ ఎనిమిదేళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. తెలియనిదానికి ఓదార్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? మనిషి పోతే పలకరించడానికి వస్తారు, పెళ్ళి తప్పిపోతే కనీసం చుట్టాలు గుసగుసలాడతారు. నా కష్టం లెక్కలోకే రాలేదు. వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నానని అమ్మ మిరియాల చారు కాచి పోసింది. నేను తాగాను.

అతను నన్ను వదిలి వెళ్ళాక నాలో ఏం లేకుండా పోయిందో నాకు తెలిసింది ఒక చెప్పుల షాపులో. సంక్రాంతి ముందు గాంధీ రోడ్డులో రెండు జతలు చూపించారు, ఒకటి నలుపు, ఒకటి గోధుమ రంగు. అలవాటుగా రెండింటికీ ఫోటో తీశాను. పంపడానికి మనిషి లేడు. షాపతను నిలబడి చూస్తున్నాడు. నాకు ఏది కావాలో నాకే తెలియలేదు. మళ్ళీ వస్తానని చెప్పి బయటికొచ్చి రోడ్డు మీద ఏడ్చాను. ఆడిటర్ ఆఫీసులో రోజూ పదిమంది వ్యాపారుల లెక్కలు సరిచూసే మనిషిని, వయసు 28, చెప్పుల రంగు తేల్చుకోలేకపోయాను.

ఇక్కడ అతన్ని చెడ్డవాణ్ణి చేయను. నా నుంచి అతనేమీ లాక్కోలేదు. ఏ హోటలుకు పోవాలి, ఏ ఉద్యోగానికి అప్లై చేయాలి, సెలవు ఏ రోజు పెట్టాలి, అన్నీ ఒక్కొక్కటిగా నేనే అతని చేతిలో పెట్టేశాను. ప్రేమంటే అదేననుకున్నాను. వెళ్ళిపోయేటప్పుడు అతను అవేవీ తిరిగివ్వలేదు. అసలు అవి తన దగ్గరున్నాయని కూడా అతనికి తెలిసుండదు.

ఇలాంటప్పుడు అందరూ చెప్పే మాట ఒకటుంది: ఎక్కడికైనా పోయి రా, మనసు కుదుటపడుతుంది. నా స్నేహితురాళ్ళు ప్రాణంపెట్టి నన్ను పుదుచ్చేరి తీసుకెళ్ళారు. కారు వాళ్ళే మాట్లాడారు, రూము వాళ్ళే చూశారు, ఏం తినాలో కూడా వాళ్ళే చెప్పారు. బండల మీద కూర్చుని సముద్రం చూశాను. సముద్రం బాగానే ఉంది. మూడు రోజుల తర్వాత వెళ్ళినదాన్ని వెళ్ళినట్టే తిరిగొచ్చాను. వాళ్ళ ప్రేమను తక్కువ చేయడం లేదు. కానీ ఆ ప్రయాణంలో నేను చేసిన పనేమీ లేదు, అతని వెనక నడిచినట్టే వాళ్ళ వెనకా నడిచాను.

అందుకే ‘చోటు మారితే మనసు మారుతుంది’ అన్న మాటను ఈ వ్యాసం పొడుగునా కాదంటాను. చోటుకు అంత శక్తి లేదు. మనిషిని నిలబెట్టేది దారిలో తాను తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయానికి ఫలితం అక్కడికక్కడే కాళ్ళలోనో, ఊపిరిలోనో, నీళ్ళ సీసాలోనో కనపడాలి. దానికి హిమాలయాలు అక్కర్లేదు. నాకు చంద్రగిరి బస్సెక్కితే దొరికింది.

వరదలో దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారిని బాగుచేసి 2022 మే నెలలో మళ్ళీ తెరిచారు. అది పేపర్లో చదివిన ఆదివారమే బయల్దేరాను. శ్రీనివాసమంగాపురం దాటి కొండ అడుగున దిగేటప్పటికి ఆరు కాలేదు. పొడవు రెండు కిలోమీటర్ల చిల్లరే, మెట్లు సుమారు 2400. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, 3550 మెట్లు. దానితో పోలిస్తే ఇది పొట్టి దారి, కానీ ఊపిరి తిప్పుకోనివ్వదు. రెండొందల మెట్లకే గుండె చెవుల్లో కొట్టుకుంది. కూర్చోవాలా, నిలబడే ఊపిరి తీసుకోవాలా? నీళ్ళు ఇప్పుడే తాగాలా, పైకి దాచుకోవాలా? చాలా చిన్న ప్రశ్నలు. అడగడానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి జవాబు నేనే చెప్పుకున్నాను. ఒకసారి తప్పు చెప్పుకున్నాను, నీళ్ళన్నీ సగం దారిలోనే తాగేశాను. గొంతు ఎండిపోయింది. తర్వాతి కుళాయి దాకా ఆ తప్పును మోసుకుంటూ ఎక్కాను. ఆ తప్పు నాది కావడం కూడా నాకు ఎందుకో బాగనిపించింది.

దారిలో అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన కూలబడి, ‘ఒక్కదానివే వచ్చినావా పాపా?’ అంది. ఊళ్ళో ఎవరైనా ఆ ప్రశ్న వేస్తే దాని వెనక ఇంకో పది ప్రశ్నలుంటాయి. ఇంట్లో చెప్పే వచ్చావా, ఇంకా పెళ్ళి కాలేదా, ఎవరితో మాట్లాడుతున్నావు. మెట్ల మీద ఆ ప్రశ్నకు అర్థమే వేరు. ‘ఒక్కదాన్నే అవ్వా’ అన్నాను. కొంగుముడిలోంచి రెండు పటికబెల్లం ముక్కలు తీసి చేతిలో పెట్టింది. ‘అయితే నిదానంగా పో’ అంది. అంతే. ఒంటరితనానికి ఇంత మామూలుగా జవాబు చెప్పొచ్చని ఎనిమిదేళ్ళలో నాకెవరూ చూపించలేదు.

దిగేటప్పుడు బస్సులో వచ్చాను. ఆ ఘాట్ రోడ్డు పక్కనే ఒక విచిత్రం ఉంది, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు చూడ్డానికి వచ్చేది. కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు రాతి పొరలు. ఈ రెంటికీ మధ్య కోట్లాది ఏళ్ళ చరిత్ర గల్లంతయింది. అంత కాలంలో ఏర్పడాల్సిన పొరలేవీ అక్కడ లేవు. దాన్ని భూవిజ్ఞానులు జాతీయ స్మారకంగా గుర్తించారు. పుట్టినప్పట్నుంచి ఆ రోడ్డు మీద తిరిగాను, ఆ రాత్రే మొదటిసారి దాని గురించి చదివాను. అది నాకు ఓదార్పయిందని చెప్పను, రాయి మనిషిని ఓదార్చదు. కానీ ఆరు నెలల్లో మొదటిసారి నాది కాని సంగతి మీద ఆసక్తి పుట్టింది. అర్ధరాత్రి దాకా రాళ్ళ గురించి చదువుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఒక పాత స్కూటీ కొన్నాను. బండి నడపడం నాకు కాలేజీలోనే వచ్చు, కానీ ఎనిమిదేళ్ళు వెనక సీట్లోనే కూర్చున్నాను. మొదట చంద్రగిరి కోటకు వెళ్ళాను. తర్వాత పుత్తూరు దాటి కైలాసకోనకు. ఒకరోజు నారాయణవనం దగ్గర టైరు పంచరైతే మైలున్నర తోసుకుంటూ పోయి షాపు కనుక్కున్నాను. వీటి గురించి పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. చెప్పుకోవాల్సింది తలకోన.

2022 నవంబరులో ఒక శనివారం. రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కి, ఎర్రావారిపాలెం, నెరబైలు దాటి తలకోన చేరాలి, తిరుపతి నుంచి అరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ ఘాట్ అంటే అమ్మకు హడలు. ఆ ఏడాది మార్చిలోనే ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న బస్సు అక్కడే లోయలో పడి చాలామంది చనిపోయారు. నాకూ భయమే. మలుపు మలుపుకూ హారన్ కొట్టుకుంటూ, లారీ వస్తే పక్కకు ఆగుతూ, నెమ్మదిగా దాటాను. భాకరాపేటలో టీ తాగి బయల్దేరగానే వాన అందుకుంది.

నెరబైలు దాటాక రోడ్డుకు అడ్డంగా వంక పారుతోంది. ఎర్రటి నీళ్ళు, కింద రోడ్డు కనపడడం లేదు. నా ముందే ఇద్దరు కుర్రాళ్ళు బైకు దించి, కాళ్ళు పైకెత్తి, అరుచుకుంటూ దాటేశారు. అవతలి ఒడ్డు నుంచి ‘వచ్చేయ్ అక్కా, ఏం గాదు’ అని చేతులూపారు. ఇవతల గొర్రెలు తోలుకుంటున్న ఒకాయన ‘మోకాటి లోతేలే, పోతే పోవొచ్చు’ అన్నాడు. జలపాతం ఇంకెంతో దూరం లేదు. పొద్దున్నుంచీ పడ్డ కష్టమంతా దానికోసమే.

అప్పుడు నా లోపల ఒక మాట వినపడింది. ‘ఇంత దూరం వచ్చి వెనక్కి పోతావా?’

ఆ మాట నాకు బాగా పాతది. నాలుగో ఏడు అతను మా ఇంటికొచ్చి మాట్లాడతానని రాలేదు. అప్పుడు నాకు నేను చెప్పుకున్నది ఈ మాటే. ఆరో ఏడు హైదరాబాదులో నాకు వచ్చిన ఉద్యోగం వదిలేసినప్పుడూ ఇదే. అతని చెల్లెలి పెళ్ళికి నన్ను ‘ఫ్రెండ్’ అని పరిచయం చేసినప్పుడు కూడా ఇదే. ఇంత దూరం వచ్చాం కదా, ఇప్పుడు ఆగితే వచ్చిందంతా వృథా కదా. ఒక్కో ఏడూ ముందటి ఏడు వృథా కాకూడదని నడిచాను. నీళ్ళ లోతు ఎప్పుడూ చూసుకోలేదు.

బండి స్టాండు వేసి, చెట్టు కింద పావుగంట నిలబడ్డాను. వంక పక్కన ఒక రాయికి గుర్తు పెట్టుకుని చూశాను. పావుగంటలో ఆ రాయి మునిగిపోయింది. అంటే నీళ్ళు పెరుగుతున్నాయి. ఇప్పుడు దాటినా సాయంత్రం తిరిగి రావడం నా చేతిలో ఉండదు. స్కూటీ తిప్పాను. అవతలి కుర్రాళ్ళు ఏదో అన్నారు, వానలో వినపడలేదు. భాకరాపేట దాకా గుండె బరువుగానే ఉంది, ఓడిపోయినట్టే అనిపించింది. ఘాట్ దిగేటప్పుడు మాత్రం చేతులు వణకలేదు. రంగంపేటలో ఆగి వేడివేడిగా ఇడ్లీ తిన్నాను, ఏం కావాలో ఎవర్నీ అడక్కుండా.

సాహసమంటే ముందుకు పోవడమనే అందరూ రాస్తారు, కొండ కొమ్మున చేతులు చాపిన ఫోటోలే పెడతారు. నా ధైర్యం నాకు తిరిగొచ్చింది వెనక్కి తిరిగిన రోజున. ప్రేమ చెడినవాళ్ళకు ప్రయాణం ఎందుకు మంచిదని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే: దారి మధ్యలో ఆగి, లోతు చూసుకుని, తిరగొచ్చు అనే సంగతి ఒళ్ళు నేర్చుకుంటుంది. బుద్ధికి ఎవరు చెప్పినా ఎక్కదు, నాకు ఎనిమిదేళ్ళు ఎక్కలేదు.

జనవరిలో మళ్ళీ వెళ్ళాను. వంక చీలమండ దాకా కూడా లేదు. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర బండి పెట్టి, కోతుల నుంచి సంచీ కాపాడుకుంటూ నడిచాను. 270 అడుగుల ఎత్తు నుంచి పడే ఆ నీళ్ళ కింద నిలబడితే మాట వినపడదు, ఆలోచన కూడా వినపడదు. చాలాసేపు నిలబడ్డాను.

భయం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ‘భయం వదిలేయండి’ అనే సలహా నాకు నచ్చదు. 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో ఒక పసివాణ్ణి చిరుత ఈడ్చుకుపోయింది, ఆ బిడ్డ అదృష్టం కొద్దీ బతికాడు. ఆగస్టులో ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ తర్వాత నడిచేవాళ్ళకు చేతికర్రలిచ్చారు, గుంపులుగా పొమ్మన్నారు, మధ్యాహ్నం దాటాక పిల్లల్ని అనుమతించలేదు. ఆ భయం నిజమైనది, దాన్ని గౌరవించాలి. నేనూ ఆ రోజుల్లో ఒంటరిగా ఎక్కడం మానేసి ఎవరో ఒక గుంపులో కలిసి నడిచాను. కానీ ‘ఒంటరిగా పోతే జనం ఏమనుకుంటారో’ అన్న భయానికి కోరలు లేవు. ఇన్నాళ్ళూ రెంటికీ ఒకటే పేరు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. ఏది చిరుతో ఏది నీడో తేల్చుకోవడం కొండల్లో తిరిగితేనే వచ్చింది.

ఇదే చోట ఇంకో సంగతి. అనుమతి లేకుండా శేషాచలం అడవిలోకి దూరి వీడియోలు తీసి పెట్టేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి బయోస్ఫియర్ రిజర్వు, అంటే అడవినీ అందులోని జీవాలనూ కాపాడే ప్రాంతం అది, 2010లో ప్రకటించారు. ఎర్రచందనం పుట్టిల్లు. అక్కడ దారితప్పినవాళ్ళను వెతకడానికి రాత్రిళ్ళు పోయేది ఎవరో చిన్న జీతం మనిషి. నీ గుండె పగిలిందని అతని ప్రాణం మీదికి తేకూడదు.

అడవి లోపలికి మనల్ని రానిచ్చే రోజులు ఎలాగూ ఉన్నాయి. తీర్థ ముక్కోట్లప్పుడు, అంటే అడవిలోని తీర్థాల్లో స్నానాలు చేసే పండగ రోజుల్లో, దేవస్థానమే దారి తెరుస్తుంది. 2024 మార్చిలో తుంబురు తీర్థ ముక్కోటికి వెళ్ళాను. పాపవినాశనం దగ్గర మొదలుపెట్టి రాళ్ళు ఎక్కుతూ దిగుతూ, మడుగుల పక్కన జారుకుంటూ కిలోమీటర్ల కొద్దీ నడక. చివరికి కొండ నిలువునా రెండుగా చీలినట్టున్న చోట, ఆ గోడల మధ్య నీళ్ళలో నడిచి తీర్థం చేరాలి. పైన ఆకాశం ఒక సన్నటి చీర అంచులా కనపడుతుంది. నాకు ముందు నడుస్తున్న తిరుపతి పెద్దాయన ఒకరు చేయి చాపి ‘వెంగమాంబ తపస్సు చేసింది ఈ కోనలోనే’ అన్నారు.

తిరుమలలో మేమంతా అన్నం తినే భవనం పేరు తరిగొండ వెంగమాంబది. ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు, ఆమె ఎవరని ఒక్కసారీ అడగలేదు. 1730లో మా పాత చిత్తూరు జిల్లాలోని తరిగొండలో పుట్టింది. చిన్న వయసులో భర్త పోతే, పసుపు కుంకుమలు తీయనంది, తల గొరిగించుకోనంది. ఊరు ఊరుకుంటుందా? చివరికి కొండకు వచ్చేసింది. అక్కడా ప్రశాంతత కరువైతే ఇంకా లోపలికి, ఈ కోనలోకి వచ్చిందంటారు. ఆమె భక్తితో నా కథను పోల్చే సాహసం చేయను. ఆమెను పిలిచింది దేవుడు. కానీ ఆ నీళ్ళలో నడుం లోతున నిలబడి నేను అనుకున్నది ఒకటే: రెండొందల ఏళ్ళకు పైగా కిందట రోడ్డు లేదు, కుళాయి లేదు, మందీ మార్బలం లేదు. అయినా ఒక ఆడమనిషి తన బతుకు ఎక్కడ సాగాలో తనే తేల్చుకుని ఇంత దూరం నడిచింది. ఆడపిల్ల ఒంటరి ప్రయాణం ఇప్పటి పిల్లల పోకడ అనేవాళ్ళకు మా జిల్లా చరిత్ర తెలియదు.

‘నీకు జీతముంది, బండి ఉంది, కాళ్ళు బాగున్నాయి, అందరికీ కుదురుతుందా?’ అని ఆఫీసులో ఒక అక్క అడిగింది. నిజమే, కుదరదు. ఇద్దరు పిల్లలతో, తాగే మొగుడితో ఉన్న మనిషికి తలకోన పొమ్మని చెప్పడం క్రూరత్వం. అయితే నేను చెప్పేది తలకోన గురించి కాదు. ఆ అక్కే తర్వాత ఒకరోజు ఆఫీసు నుంచి కపిలతీర్థం దాకా ఒక్కతే నడిచి, గట్టు మీద అరగంట కూర్చుని వచ్చిందట. ఎందుకు ఆలస్యమైందని ఇంట్లో అడిగితే ‘కూర్చోవాలనిపించింది, కూర్చున్నా’ అందట. నా లెక్కలో అది తుంబురు కోన కంటే తక్కువేం కాదు.

ఇంకొకటి. నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని లేక ఉన్నవాళ్ళకు కొండలు ఎక్కమని ఎవరూ చెప్పకూడదు. అది డాక్టరు చూడాల్సిన బాధ. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, 14416కు చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులో మాట్లాడతారు. నేను మొదటి చలికాలంలో అంత దూరం పోయాను, అప్పటికి ఆ నంబరు లేదు. ఉంటే చేసుండేదాన్ని.

పోయిన కార్తీకంలో అమ్మను అలిపిరి దారిన తీసుకెళ్ళాను. మొక్కు ఆమెది. పాదాల మండపం నుంచి మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ వంగి లేస్తూ ఎక్కింది. పళ్ళెం నేను పట్టుకున్నాను. గాలిగోపురం దాటాక, ఎందుకో తెలియదు, చెప్పేశాను. ఎనిమిదేళ్ళూ చెప్పాను. అమ్మ వేలు కుంకుమ గిన్నెలోనే ఆగిపోయింది.

‘ఎనిమిదేండ్లా?’ అంది. కాసేపటికి, ‘ఆ వానలప్పుడు జ్వరమని పడుకున్నావే, అప్పుడా?’

‘అప్పుడేమ్మా.’

ఇంకేమీ అడగలేదు. కుంకుమ గిన్నె నా చేతికిచ్చి, ‘ఈ మెట్టుకు నువ్వు పెట్టు’ అంది. పెట్టాను. ఆ తర్వాత చాలా మెట్లు ఒకటి ఆమె, ఒకటి నేను పెట్టుకుంటూ ఎక్కాం. మధ్యలో ఒకసారి కొంగుతో కళ్ళు తుడుచుకోవడం చూశాను, చూడనట్టు ఉన్నాను.

మోకాళ్ళ మిట్ట కిందికి చేరేసరికి అమ్మ కుడి మోకాలు వాచింది. పక్కనే రోడ్డు ఉంది, బండ్లు పోతున్నాయి. ఎదురుగా నిట్టనిలువు మెట్లు. అమ్మ కూలబడి, ‘ఇంత దూరం వచ్చినాం కదా...’ అని ఆగింది.

నా నోటిదాకా వచ్చింది, పోదాంలేమ్మా అనో, వద్దులేమ్మా అనో. మా ఇంట్లో అమ్మ తరఫున ఎవరో ఒకరు ఎప్పుడూ చెప్పేస్తూనే ఉంటాం, ముందు తాత, తర్వాత నాన్న, ఇప్పుడు నేను. ఆపుకున్నాను. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను. ‘మెట్లు ఇంక కొన్ని వందలుంటాయి, ఇవి కష్టం. రోడ్డు మీద ఆపితే బండి దొరకొచ్చు. నువ్వు ఏదంటే అది చేద్దాం’ అన్నాను.

అమ్మ నీళ్ళు తాగింది. మోకాలు పట్టి చూసుకుంది. మెట్ల వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూసింది.

‘నువ్వు కొంచేపు గమ్మునుండు పాపా’ అంది. ‘నన్ను ఆలోచించుకోనీ.’